ఎదురుకాళ్ల కాన్పు, ఇన్సూరెన్సు ఫారం

నేను కువైట్ పోయింది ఇంటిపనికి. రిగ్గైలో ఒక పెద్ద ఇల్లు, ఆరుగురు మనుషులు, పనికి నేనొక్కదాన్నే. పనివాళ్లందరిలాగే నేనూ ఇంటావిడను మామా అని, ఇంటాయనను బాబా అని పిలిచేదాన్ని. నేను పదో తరగతి పాసై, టైపు హయ్యర్ చేసి, రాజంపేటలో రిజిస్ట్రారాఫీసు పక్కన టైపు సెంటర్లో మూడేళ్లు క్రయపత్రాలు, అగ్రిమెంట్లు కొట్టినదాన్నని వాళ్లకు తెలియదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. గిన్నెలు తోమేదాన్ని టైపు వచ్చా అని ఎవరడుగుతారు?

ఒకరోజు బాబా ఏదో ఇంగ్లీషు ఉత్తరం పట్టుకొని తికమక పడుతుంటే, చాయ్ ఇవ్వడానికి పోయినదాన్ని అక్కడే నిలబడి చదివి, నాకు వచ్చిన అరబీలో దాని సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను కాసేపు చూశాడు. ఫహాహీల్‌లో ఒక క్లినిక్ లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. నడిపేది కాకినాడ నుంచి వచ్చిన తెలుగు డాక్టరమ్మ, కాన్పుల డాక్టరు. ఫోను ఎత్తి, కాగితాలు చూసుకునే మనిషి కోసం ఆమె వెతుకుతోందట. మామా వారం రోజులు ముఖం ముడుచుకొని, చివరికి ఒప్పుకుంది. ప్రతి శుక్రవారం వచ్చి నా చేతి చాయ్ ఇచ్చి పోవాలని మాత్రం షరతు పెట్టింది.

అలా నేను ఫహాహీల్ బజారు వెనక, బట్టల కొట్టు మీద ఉన్న నాలుగు గదుల క్లినిక్‌లో కుర్చీ ఎక్కాను. మొదటి నెల ఆ కుర్చీలో కూర్చోవడమే కష్టమైంది. ఎవరు లోపలికి వచ్చినా లేచి నిలబడేదాన్ని. డాక్టరమ్మ చూసి, "నువ్వు లేస్తే వచ్చినవాళ్లు కంగారు పడతారే, కూర్చో" అనేది.

ఇరాక్ సైన్యం వచ్చిన ఏడు, ఎండలు ముదిరే రోజుల్లో క్లినిక్ ఇన్సూరెన్సు గడువు దగ్గరపడింది. అప్పటిదాకా ఏజెంటు తెచ్చిన కాగితం మీద డాక్టరమ్మ సంతకం పెట్టి ఇచ్చేసేది. ఆ ఏడు మాత్రం ఆమెకు భయం పట్టుకుంది. ఆమెకు తెలిసిన ఇంకో డాక్టరు మీద ఒక పేషెంటు కుటుంబం కేసు వేస్తే, పాలసీ ఉండి కూడా అక్కరకు రాలేదట. పైగా మేం కొత్తగా స్కానింగ్ మిషను కొన్నాం. రెండు కంపెనీల నుంచి కాగితాలు తెప్పించి నా బల్ల మీద పెట్టింది. దస్తావేజులు కొట్టినదానివి కదా, చదివి నాకు అర్థమయ్యేట్టు నాలుగు మాటల్లో చెప్పు అంది.

వారం రోజులు పట్టింది నాకు. పక్కన డిక్షనరీ పెట్టుకొని, ఒక్కో మాట కింద పెన్సిలుతో తెలుగులో రాసుకుంటూ చదివాను. భూముల కాగితాల్లో కూడా అంతే, అమ్మేవాడు మొదటి పేజీలో అంతా ఇచ్చేస్తాడు, ఏమిచ్చాడో తెలియాలంటే చివరి పేజీ చూడాలి. ఇందులోనూ ముందు పేజీల్లో అన్నింటికీ పూచీ మాదే అని ఉంది. వెనక సన్నటి అక్షరాల్లో మినహాయింపులు మొదలయ్యాయి.

చవకగా వచ్చే పాలసీలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. వైద్యంలో పొరపాటు జరిగిందని ఎవరైనా అడిగితే, ఆ అడిగే రోజుకు కూడా పాలసీ బతికి ఉండాలట. కాన్పులో బిడ్డకు ఏదైనా జరిగితే అది కొన్నేళ్లకు గానీ బయటపడకపోవచ్చు. అప్పటికి క్లినిక్ మూసి ఊరికి పోయుంటే? రెండో కంపెనీ పాలసీ ఖరీదెక్కువ గానీ, వైద్యం చేసిన రోజున పాలసీ ఉంటే చాలు, ఎప్పుడు అడిగినా పలుకుతామని రాసింది. అందులోనూ ఒక లోటుంది. క్లినిక్ అడ్రసులో చేసిన వైద్యానికే పూచీ, బయట చేస్తే లేదు.

రెండో కంపెనీ ఏజెంటు పెద్దాయన, పాలస్తీనా మనిషి. కువైట్‌లోనే జుట్టు నెరిసింది. తొందరపెట్టకుండా నా ఎదురుగా కూర్చొని, నేను పెన్సిలు పెట్టిన చోటల్లా చదివి చెప్పాడు. కొంచెం ఎక్కువ కడితే అడ్రసు దగ్గర "కువైట్‌లో ఎక్కడైనా" అని రాయిస్తానన్నాడు. యుద్ధం వల్ల జరిగే నష్టానికి పూచీ లేదన్న మాట తీయించగలరా అని కూడా అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"యుద్ధానికి ఏ కంపెనీ పూచీ పడదు, బిడ్డా," అన్నాడు. "కానీ ఇంకో మాట గుర్తు పెట్టుకో. క్లినిక్‌లో ఏ పొరపాటు జరిగినా, ఎవరూ అడక్కపోయినా సరే, ముందు మీరే మాకు రాసి ఇవ్వాలి. చెప్పినవాళ్ల పక్కన కంపెనీ నిలబడుతుంది. దాచినవాళ్లను వదిలేస్తుంది."

నేను చెప్పిందంతా విని డాక్టరమ్మ రెండో పాలసీ తీసుకుంది. బయట వైద్యం మాట దగ్గర మాత్రం, నేనేమన్నా ఇల్లిల్లూ తిరుగుతానా అని నవ్వింది. అయినా రాయించింది. పెద్దాయన సామాను జాబితా అడిగితే, ప్రతి వస్తువు నంబరూ రాసి, ఫొటోలు తీయించి ఇచ్చాను.

జులైలో డాక్టరమ్మ భర్త పిల్లలను తీసుకొని సెలవులకు కాకినాడ పోయాడు. నెలలు నిండిన వాళ్లు ముగ్గురున్నారని ఆమె ఆగిపోయింది. ఆమె ఒక్కతే ఉండలేక నన్ను తన ఫ్లాటుకు రమ్మంది. ఆగస్టు మొదటి గురువారం పొద్దున్నే ఏవో పెద్ద శబ్దాలు వినబడితే, ఆయిల్ ఫ్యాక్టరీలో ఏదో పేలిందనుకున్నాం. బాల్కనీలోకి పోయి చూస్తే సముద్రం రోడ్డు మీద ట్యాంకులు వరసగా పోతున్నాయి. కింద రొట్టెల అంగడివాడు షట్టరు సగం దించి, దాని కిందనుంచే రొట్టెలు అమ్ముతున్నాడు.

ఆ నెలంతా రోజుకు రెండు గంటలు క్లినిక్ తెరిచాం. మూడో వారంలో సైనికులు లారీ తీసుకొని వచ్చారు. వాళ్ల పెద్ద ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి, వేలితో చూపించుకుంటూ పోయాడు. స్కానింగ్ మిషను, ఆక్సిజన్ సిలిండర్లు, ఆపరేషను బల్ల ఒక్కొక్కటే మెట్లు దిగిపోయాయి. డాక్టరమ్మ గోడకు ఆనుకొని నిలబడింది. నాకు ఏమి తోచిందో ఏమో, సొరుగులోంచి ఆ జాబితా తీసి, పోయే వస్తువు పక్కనల్లా టిక్కు పెట్టడం మొదలుపెట్టాను. ఒక సైనికుడు చూసి ఏమి రాస్తున్నావని అడిగాడు. ఇవన్నీ నా పూచీ, రేపు లెక్క చెప్పాల్సింది నేను అన్నాను. వాడు నన్ను, కాగితాన్ని చూశాడు. చేతిలో ఉన్న పెట్టె తిప్పి, వెనక నంబరు నాకు కనబడేట్టు పట్టుకున్నాడు. నేను టిక్కు పెట్టేదాకా ఆగి, ఎత్తుకొని పోయాడు.

వాళ్లకు అక్కర్లేనివి మిగిలాయి. బీపీ మిషను, కొన్ని చేతొడుగులు, మందుల అలమరాలో అడుగు అర. డాక్టరమ్మ వాటిని ఒక సంచిలో సర్ది ఫ్లాటుకు తెచ్చింది. క్లినిక్ అంటే ఇక ఆ సంచే.

సెప్టెంబరు మొదట్లో మామా ఫోను చేసింది. బాబా వేరే దేశంలో చిక్కుకుపోయాడు. కూతురికి నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు కువైట్ సైన్యంలో ఉద్యోగి, ఎక్కడో దాక్కున్నాడు. ఆస్పత్రికి పోతే భర్త పేరు చెప్పాలి, చెబితే వెతుకుతారని భయం. మామా ఎప్పుడూ ఆజ్ఞాపించడమే గానీ బతిమాలడం నేను వినలేదు. ఆ రోజు విన్నాను.

డాక్టరమ్మ సంచి తీసుకుంది, కారు తనే నడిపింది. దారిలో మూడు చోట్ల ఆపారు. మా చీరలు, బొట్లు చూసి "హిందీ?" అని అడిగేవారు. అక్కడ హిందీ అంటే ఇండియా వాళ్లని. అవునంటే పొమ్మనేవారు. రెండో చోట దాటినాక మనసులో మాట ఇక ఆపుకోలేకపోయాను.

"అమ్మా, మన పాలసీ ఈ రోజుకు పనికొస్తాదో లేదో నాకు తెలీదు. యుద్ధముంటే లేదని రాసినారు. ఏమన్నా అయితే మన ఎనక ఎవరూ ఉండరు."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఫోను వచ్చిన దగ్గర్నుంచీ నా బుర్రలోనూ అదే తిరుగుతోందే. పాలసీ లేదని బిడ్డ లోపల ఆగుతుందా? భయంగానే ఉంది. భయపడుతూనే చేద్దాం."

ఎదురుకాళ్ల కాన్పు అది. ముందు కాళ్లు వచ్చాయి. మామూలుగా అయితే ఆపరేషను చేసేవాళ్లు. అక్కడ ఒక మంచం, వేడినీళ్లు, మామా, నేను. శరీరం బయటికి వచ్చి చెయ్యి పైకి ఇరుక్కుంది, తల వెనక ఆగిపోయింది. డాక్టరమ్మ నుదుటి చెమట నా కొంగుతో తుడుస్తూ నిలబడ్డాను. ఆమె చెయ్యి దించి, తల తెచ్చింది. పాప నీలంగా ఉంది. వీపు రుద్దుతూ, నోట్లో గొట్టం పెట్టి లాగుతూ, తెలుగులో ఏడువమ్మా ఏడువు అని ఆమె అంటూనే ఉంది. పాప ఏడ్చింది. మామా నేల మీద కూలబడి అల్లాను తలుచుకుంది.

తరువాత పాపను తుడుస్తుంటే చూశాం. కుడిచెయ్యి ఆడుతోంది. ఎడమచెయ్యి గుడ్డపేలికలాగా పక్కన పడి ఉంది.

ఆ క్షణంలో డాక్టరమ్మ ఏమీ అనకుండా గుడ్డ చుట్టి ఇచ్చి ఉండొచ్చు. ఆమె అలా చేయలేదు. మామాను, కూతురిని కూర్చోబెట్టి, నన్ను అరబీలో చెప్పమంది. తల రావడానికి చెయ్యి లాగాల్సి వచ్చింది, మెడ దగ్గర నరం సాగింది, ఇది నా చేతిలో జరిగింది, చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి తగ్గదు. నేను ఒక్కో మాటా చెబుతుంటే నా గొంతే నాకు కొత్తగా వినబడింది. కూతురు పాప చేతినే చూస్తూ ఉండిపోయింది. మామా లేచి వంటింట్లోకి పోయి, తనే చాయ్ పెట్టి తెచ్చి మా ఇద్దరికీ ఇచ్చింది.

"బతికించావు," అంది డాక్టరమ్మతో. "ఆ చేతికి ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా."

మొదటి వారం కదిలించకూడదని, తరువాత గుడ్డలు మార్చిన ప్రతిసారీ చెయ్యి ఎలా మెల్లగా పైకెత్తాలో, ఎలా తిప్పాలో డాక్టరమ్మ చూపించింది. మామా నాలుగుసార్లు చేసి చూపించేదాకా వదల్లేదు. మేం బయల్దేరుతుంటే, ఇన్నాళ్లూ తన దగ్గరే ఉంచుకున్న నా పాస్‌పోర్టు తీసి నా చేతిలో పెట్టింది. ఇక్కడ ఉండొద్దు, దోవ దొరికినప్పుడు పొమ్మంది.

ఇంటికి రాగానే నేను ఒక నోటుపుస్తకం తీశాను. ఆ పెద్దాయన చెప్పిన మాట నాకు గుర్తుంది. ఏ తేదీ, ఎన్నింటికి నొప్పులు, ఎన్నింటికి కాళ్లు వచ్చాయి, చెయ్యి ఎలా దించారు, పాప ఎన్నింటికి పుట్టింది, తల్లి పేరు, ఇల్లు, అన్నీ డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాశాను. కింద ఆమె సంతకం పెట్టింది, సాక్షిగా నేను పెట్టాను. ఇవ్వడానికి కంపెనీ ఆఫీసు మూసి ఉంది. టపా లేదు.

నెలాఖరుకు బస్సు దొరికింది. బస్రా, బాగ్దాద్, జోర్డాన్ సరిహద్దు, గుడారాల్లో తొమ్మిది రోజులు, అక్కడి నుంచి బొంబాయికి విమానం. పాలసీ, జాబితా, నోటుపుస్తకం ఒక చీర మడతలో పెట్టి నా ఒంటికే చుట్టుకున్నాను. అందరూ బంగారం దాచుకున్నారు, నువ్వు కాగితాలు దాచుకున్నావని డాక్టరమ్మ అంది.

తిరిగి పోతామని అప్పుడు అనుకోలేదు. నేను రాజంపేటలో మళ్లీ టైపు సెంటర్లో కూర్చున్నాను. కాకినాడ నుంచి నెలకో ఉత్తరం వచ్చేది. పిల్లల చదువులు, వానలు అన్నీ రాసి, చివర ఎప్పుడూ ఆ పాప చెయ్యి మాట ఉండేది. కువైట్ నుంచి సైన్యం పోయిందని రేడియోలో చెప్పినాక బాబా మనిషి ద్వారా కబురు చేశాడు. లైసెన్సు పోలేదు, వస్తే మళ్లీ తెరుద్దామన్నాడు. ఆ ఏడాది చలికాలంలో ఇద్దరం పోయాం.

క్లినిక్‌లో గోడలున్నాయి. చేతులు కడుక్కునే తొట్లు కూడా ఊడదీసుకుపోయారు. కిటికీ అద్దాల మీద సైన్యం పోతూ తగలబెట్టిన ఆయిల్ బావుల మసి జిగురుగా పట్టుకొని ఉంది. రెండు రోజులు సబ్బునీళ్లతో కడిగాం. మళ్లీ లైసెన్సు నడవాలంటే ముందు ఇన్సూరెన్సు కావాలి. పాత కంపెనీ తెరుచుకుంది గానీ, ఆ పెద్దాయన కుటుంబంతో అమ్మాన్ పోయాడట, రాలేదు. ఆయన కుర్చీలో ఉన్న కొత్త ఏజెంటు ఫారం తెచ్చాడు.

మిగతా గడులన్నీ నింపాను. ఒక ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. మీ వైద్యం వల్ల మీ మీద క్లెయిమ్ వచ్చే అవకాశమున్న సంఘటన ఏదైనా మీకు తెలుసా? ఏజెంటు నా ముఖం చూసి, అందరూ లేదనే రాస్తారన్నాడు. ఆ కాలంలో జరిగినవి ఇప్పుడెవరు తవ్వుతారన్నాడు. ఉందని రాస్తే పాలసీయే రాకపోవచ్చన్నాడు. రేపు వస్తానని పోయాడు.

డాక్టరమ్మ చేతిలో గుడ్డ బక్కెట్టులో వేసి, నా పక్కకు వచ్చి ఆ ప్రశ్న తనే చదివింది. ఆమె మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ రెండు కుటుంబాల బతుకు ఆ గడి మీద ఉంది. లేదు అని రాసెయ్యమని మెల్లగా అంది. ఎవరూ అడగలేదు కదే అంది.

ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "అమ్మా, ఇన్సూరెన్సు మనల్ని కాపాడేదానికే అని మనం అనుకుంటాండాం. ఆ పాప చెయ్యి లేవకపోతే పెద్దయినాక వైద్యానికి ఎవరిస్తారు? మీరు లేదని రాస్తే ఆ బిడ్డకు ఉన్న దోవ గూడా మనమే మూసినట్లు."

ఆమె చీపురు తీసుకొని పక్క గదిలోకి పోయి, అక్కడ ఇప్పటికే కడిగిన నేలను మళ్లీ కడిగింది. తిరిగొచ్చి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఉంది అని కొట్టు. నోటుపుస్తకం నకలు జతచెయ్యి," అంది.

నకలు నేనే కంపెనీ ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడి మేనేజరు పేజీలు తిప్పి తిప్పి చదివి, ఇవన్నీ ఎవరు రాశారని అడిగాడు. నేనేనన్నాను. అందినట్టు ముద్ర వేసి ఇచ్చాడు. మూడు వారాలు ఏ కబురూ లేదు. ఆ మూడు వారాల్లో నేను సరిగా అన్నం తినలేదు, నా మాట వల్ల క్లినిక్ పోతుందేమోనని. తరువాత ఉత్తరం వచ్చింది. కొత్త పాలసీ ఇస్తాం, ప్రీమియం పెరుగుతుంది. పాత సంఘటన పాత పాలసీ కింద నమోదు చేసుకున్నాం. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, యుద్ధం మినహాయింపు దానికి తగులుతుందో లేదో అప్పుడు చూస్తాం, ఇప్పుడే కాదనడం లేదు. ఆ చివరి మాట డాక్టరమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది.

ఆ శుక్రవారం ఇద్దరం రిగ్గై పోయాం. నకలు ఒకటి వాళ్లకూ ఇవ్వాలి కదా. తలుపు తీసింది మామా. ఆమె వెనక గౌను పట్టుకొని, ఏడాది దాటిన పాప నిలబడి ఉంది. మేం ఇద్దరం చూసింది ముఖం కాదు, చెయ్యి. మామాకు అది అర్థమైంది. ఒక ఖర్జూరం తీసి పాప ఎడమ పక్క ఎత్తుగా పట్టుకుంది. పాప ఎడమచెయ్యి లేచింది. కుడిచేతి అంత ఎత్తుకు కాదు, భుజానికి కొంచెం పైకి. ఖర్జూరం అందుకొని నోట్లో పెట్టుకుంది. డాక్టరమ్మ అక్కడే గడపలో కూర్చుండిపోయింది.

సైన్యం ఉన్నన్ని నెలలూ, కరెంటు లేనప్పుడు కూడా, గుడ్డలు మార్చిన ప్రతిసారీ చేశానని మామా చెప్పింది. లెక్క తప్పకుండా గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుందట. రంగు వేయించలేదు, చూపించింది.

కూతురికి ఇంగ్లీషు వచ్చు. మేమిచ్చిన నకలు నిలబడే చదివింది. మీ మీద మీరే రాసి ఇచ్చుకున్నారా అని డాక్టరమ్మను అడిగింది. నీ బిడ్డ కోసం రాశాం, అవసరం పడితే వాడుకో అని డాక్టరమ్మ అంది. కూతురు ఆ కాగితం మడవలేదు. మామా వైపు తిరిగి ఏదో వేగంగా చెప్పింది. నాకు అర్థమయ్యేసరికి ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంటోంది. పాప పుట్టినట్టు ఎక్కడా నమోదు కాలేదట. ఇంట్లో పుట్టింది, ఆస్పత్రి కాగితం లేదు, ఆఫీసులో డాక్టరు సంతకం అడుగుతున్నారట. ఇందులో రోజు, గంట, నిమిషం, తల్లి పేరు, డాక్టరు సంతకం అన్నీ ఉన్నాయి. సోమవారం డాక్టరమ్మ ఆమెతో పాటు ఆఫీసుకు పోయింది. నెల తిరక్కుండా పాపకు జనన ధ్రువపత్రం వచ్చింది.

రెండు నెలలకు క్లినిక్ తెరిచాం. పాతవాళ్లలో చాలామంది లేరు, వచ్చినవాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పుకోవడానికే ఎక్కువసేపు కూర్చునేవారు. నేను మళ్లీ కొత్త సామాను జాబితా మొదలుపెట్టాను. టిక్కులు పెట్టిన పాత జాబితా, ఇరాక్ నుంచి రావాల్సిన యుద్ధ నష్టపరిహారం కోసం పెట్టుకున్న అర్జీతో జతపరిచాం. అది తేలడానికి ఏళ్లు పట్టింది గానీ, మా దగ్గర ఫొటోలు, నంబర్లు ఉన్నాయని అధికారులు పెద్దగా ప్రశ్నలు వేయలేదు.

ఆ తరువాత ప్రతి ఏడూ పాలసీ గడువు ముందు నెలలో ఏజెంటు నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చేవాడు. పక్క క్లినిక్ వాళ్లు కూడా తమ కాగితాలు పంపి చూడమనేవారు. డిక్షనరీ అవసరం మెల్లగా తగ్గింది.

మూడో ఏట ఒక ఉదయం మామా కూతురు వచ్చి నా ముందు కుర్చీలో కూర్చుంది. రెండో కాన్పు, నాలుగో నెల. పెద్ద ఆస్పత్రులు ఎన్నో ఉన్నాయి, ఆమెకు డబ్బుకు కొదవ లేదు. ఈ కాన్పు కూడా డాక్టరమ్మే చూడాలని అడిగింది. నేను పుస్తకం తెరిచి, ఆమెకు ఎప్పుడు వీలవుతుందో అడిగి, మంగళవారం పది గంటలకు రాసుకున్నాను.